మా అత్త పెళ్ళిచూపులకి వచ్చిన కందిరీగలు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఏదో ఒకటి కుట్టకుండానో కరవకుండానో ఒక్క వారం గడిస్తే, అది చెప్పుకోవలసిన వింత. రాజోలు దాటాక కాలవగట్టు వెంబడి, కొబ్బరితోటల మధ్య ఉండేది మా ఇల్లు. మామిడిచెట్టు ఎక్కితే ఎర్రచీమలు, కాలవలో దిగితే జలగలు, చేను గట్టు మీద నడిస్తే పీతలు, ఎండుమట్టల పోగు కదిపితే తేళ్ళు, జెర్రులు. సైకిలు మీద వెళ్ళేవాళ్ళకి కుక్కలు సరేసరి. దోమల సంగతి నేనెత్తను. అవి కుట్టడాన్ని మావాళ్ళు అసలు కుట్టడం కిందే లెక్కవేసేవారు కాదు. పామో, పిచ్చికుక్కో అయితే మాత్రం ఉన్నపళంగా ఆసుపత్రికి పరుగే. మిగతావాటికి, "చీమ కుట్టిందమ్మా" అని ఏడుస్తూ వెళితే, "నువ్వు దాన్ని తొక్కేవా, అది నిన్ను తొక్కిందా?" అని అడిగి మా అమ్మ మళ్ళీ పనిలో పడిపోయేది. ఇప్పుడు మా మనవరాలికి దోమ కుడితే మా అమ్మాయి ఫొటో తీసి డాక్టరుకి పంపిస్తుంది. నేను నోరు మూసుకుని కూర్చుంటాను, కానీ లోపల్లోపల నవ్వుతాను.

ఆ కుట్టడాల్లోకెల్లా గొప్పది మా అత్తని కందిరీగలు కుట్టడం. అత్తంటే మా నాన్నగారి చెల్లెలు. పక్క ఊరి బడిలో టీచరు. చామనఛాయ, పెద్ద కళ్ళు, నవ్వితే బుగ్గ సొట్ట. చర్చిలో పాట ఎత్తుకుంటే వెనక బల్లల మీద కునుకు తీస్తున్న పెద్దాళ్ళు కూడా లేచి కూర్చునేవారు. నాకు జడలు వేసేది, లెక్కలు చెప్పేది, నేను చెయ్యని లెక్కలకి మొట్టికాయలు కూడా వేసేది. ఆవిడంటే నాకు ప్రాణం.

అత్తకి ఒక సంబంధం వచ్చింది. పేరుకి ఆ సంబంధం తెచ్చింది పాస్టరుగారే గానీ, అసలు సంగతి వేరు. అబ్బాయీ అత్తా ఒకే చోట టీచరు ట్రైనింగ్ అయ్యారు. ఒకరితో ఒకరు పది మాటలైనా మాట్లాడుకుని ఉండరు, కానీ ఇద్దరి మనసులోనూ ఉంది. ఆయన ఇంట్లో నోరు విప్పి చెప్పాడు. ఈవిడ చెప్పలేదు, మేం కనిపెట్టాం. వాళ్ళది గోదారి అవతల, నరసాపురం వైపు. తల్లి చిన్నప్పుడే పోతే మేనత్తగారు పెంచి పెద్దచేసింది. ఆ ఇంట్లో ఆవిడ మాటే చట్టం. ఆవిడ తన మేనల్లుడికి అమలాపురంలో ఒక పిల్లని ముందే అనుకుని ఉంది. ఆయన బతిమాలగా బతిమాలగా, "సరే, ఒక్కసారి వచ్చి చూస్తాను. నాకు ఏ వంకా కనబడకపోతే నీ ఇష్టం. వంక కనబడిందా, మర్నాడు అమలాపురం వెడదాం, నోరెత్తకుండా నే చెప్పిన పిల్లని చేసుకో" అందట. ఈ మాట పాస్టరుగారే మా తాతయ్యకి చెప్పారు. మా అత్త గుమ్మం వెనకాల నిలబడి విన్నది. ఆ వారమంతా ఆవిడ కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. కొత్తవాళ్ళు గడప తొక్కితే మొదట బొండం నీళ్ళు ఇవ్వాలి. ఆ బొండం పెరట్లో ఉన్న గంగబొండం చెట్టుదే అయ్యుండాలి, ఇంటి ఆడపిల్ల స్వయంగా కోసి ఉండాలి. గంగబొండం పొట్టి చెట్టు, నిలబడి చెయ్యి చాపితే గెల అందుతుంది. ఇది మా మామ్మ పెట్టిన రూలు. మా మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ, పొడుగ్గా, సన్నగా, బుగ్గన ఎప్పుడూ తమలపాకుతో ఉండేది. కోనసీమ వెటకారమంతా ఆవిడ నాలిక మీదే కాపురం పెట్టిందని మా తాతయ్య అంటుండేవారు.

పెళ్ళిచూపుల రోజు పొద్దున్న అత్త తలంటుకుని, పాతచీర కట్టుకుని, కత్తి పట్టుకుని చెట్టు దగ్గరికి వెళ్ళింది. నేను బుట్ట పట్టుకుని వెనకాలే ఉన్నాను. గెల మీద కత్తి వేసిందో లేదో, వెనక మట్ట సందులోంచి ఝుమ్మని లేచాయి కందిరీగలు. నేను బుట్ట నెత్తిన బోర్లించుకుని పరిగెత్తాను. అత్త మాత్రం కోసిన గెల కింద పడి పగిలిపోతుందని దాన్ని పట్టుకునే నిలబడింది! మెల్లిగా నేల మీద పెట్టి అప్పుడు పరిగెత్తింది. అప్పటికే ఒకటి కనురెప్ప మీద, ఒకటి పై పెదవి మీద, ఇంకోటి గడ్డం మీద కుట్టేశాయి.

చూస్తుండగానే మొహం మారిపోయింది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. పెదవి గారెలా ఉబ్బింది. ఆ మాట నేను పైకి అనేశాను కూడా. అమ్మ నా వీపు మీద ఒక్కటి వేసింది.

ఇక వైద్యం మొదలైంది. మా ఊళ్ళో కుట్టించుకోని మనిషి లేడు కాబట్టి వైద్యం తెలియని మనిషీ లేడు. పక్కింటి అక్క ఉల్లిపాయ కోసుకొచ్చి రుద్దింది. ఎదురింటి పెద్దమ్మగారు "ఉల్లిపాయ ఏం చేస్తుందే, తుమ్మాకు రసం పొయ్యాలి గానీ" అని పచ్చగా పూసింది. తాతయ్య ఇనప్పెట్టె తాళంచెవి తెచ్చి రాశారు. మామ్మ మాత్రం ఎవరి మాటా వినకుండా తన సున్నప్పెట్టె తెరిచి కుట్టినచోటల్లా తెల్లగా సున్నం బొట్టు పెట్టింది. అందరూ తలో చెయ్యీ వేసేసరికి అత్త మొహం తెలుపూ ఆకుపచ్చా కలిసి రంగులపటమైంది. ఏ మందు పనిచేసిందో గానీ, వాపు మాత్రం తగ్గలేదు.

అత్త అద్దం చూసుకుని, మంచం మీద బోర్లా పడి ఏడ్చింది. "నేను బయటికి రానమ్మా. ఆవిడకి వంక కావాలి. ఆ వంక నేనే కోసి చేతికిచ్చినట్టయింది" అంది. ఆ ఏడుపు చూసి నాకూ ఏడుపొచ్చింది. తాతయ్య చెప్పులేసుకుని, "రేవుకి కబురంపుతాను. పిల్లకి జ్వరమని చెప్పి వెనక్కి తిప్పేద్దాం" అన్నారు.

"తిప్పండి. తిప్పితే రేపు పొద్దున్నే అమలాపురం బస్సెక్కుతారు" అంది మామ్మ.

తాతయ్య చెప్పులు విప్పేశారు.

మామ్మ కాసేపు అరుగు మీద కూర్చుని ఆకు నమిలింది. ఆవిడ నమలడం ఆగిందంటే ఆలోచన ఒక కొలిక్కి వచ్చిందన్నమాట. ఆగింది. నన్ను పిలిచి, మంచి గౌను తొడిగించి, చెవిలో ఒక మాట చెప్పింది. సున్నుండల పళ్ళెం పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళాలి. పళ్ళెం చాపాలి. చాపి, చాలా మర్యాదగా ఒక్క ప్రశ్న అడగాలి. అంతే. ఎందుకని అడిగితే, "చిన్నపిల్లవి నువ్వు అడిగితే ముద్దు. నేనడిగితే ముసల్దానికి మతి పోయిందంటారు" అంది.

పది దాటాక రెండు రిక్షాల్లో వచ్చారు వాళ్ళు. ముందు రిక్షాలో పెళ్ళికొడుకూ వాళ్ళ నాన్నగారూ, వెనక రిక్షాలో మేనత్తగారు ఒక్కరే. ఆవిడకి రిక్షా సరిపోయింది. పట్టంచు తెల్లచీర, బంగారు ఫ్రేము కళ్ళద్దాలు, చేతిలో బైబిలు. పాస్టరుగారు సైకిలు మీద వెనకాలే. అరుగు మీద కుర్చీలేసి, గంగబొండాలు కొట్టి ఇచ్చాం. పాస్టరుగారు చిన్న ప్రార్థన చేశారు. ఆమెన్ అనగానే మేనత్తగారు కళ్ళద్దాలు సర్దుకుని, "అమ్మాయేదండీ?" అంది.

"వస్తుందండీ, ఆయ్. ముందు నోరు తీపి చేసుకోండి" అని మామ్మ నాకేసి చూసింది.

మొదట పెళ్ళికొడుకు నాన్నగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చూడటానికి సాధువైన మనిషి. పళ్ళెం చాపి అడిగేశాను. "తాతగారండీ, మిమ్మల్ని ఎప్పుడైనా ఏదైనా కుట్టిందాండీ?"

ఆయన చెయ్యి సున్నుండ మీదే ఆగిపోయింది. మా తాతయ్య కళ్ళు మూసుకున్నారు. ఆయన మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "తేలమ్మా" అన్నారు మెల్లిగా. తర్వాత ఆగలేదు. కుర్రతనంలో కొత్త చెప్పులు కొనుక్కుని, మురిపెం కొద్దీ పక్కనే పెట్టుకుని పడుకున్నారట. తెల్లారి చూసుకోకుండా కాలు దూర్చారట. "నొప్పి కన్నా, ఆ చెప్పు విసిరితే కాలవలో పడి కొట్టుకుపోయిందమ్మా, ఆ బాధ ఇప్పటికీ ఉంది" అన్నారు. మా తాతయ్య కిసుక్కున నవ్వారు. నవ్వి, తనని జెల్లచేప ముల్లు గుచ్చిన కథ అడక్కుండానే ఎత్తుకున్నారు. ఇద్దరూ కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు.

పాస్టరుగారి దగ్గరికి వెళ్ళేసరికి ఆయన అప్పటికే పంచె పిక్క దాకా ఎత్తి, కుక్కకాట్ల మచ్చలు చూపించడానికి సిద్ధంగా ఉన్నారు. "ఇది రాజోల్లో. ఇది కాలవ అవతల. ఈ పెద్దది మన సంఘపెద్దగారి కుక్కే. కుటుంబ ప్రార్థనకి రమ్మని వాళ్ళే పిలిచేరు, గేటు దగ్గర అది పట్టుకుంది. దేవుడి దయవల్ల ప్రార్థన మాత్రం ఆగలేదు, నిలబడే చేశాను. కూర్చునే వీల్లేని చోట కూడా ఒకటుందిలే, అది చూపించకూడదు." అందరూ పడీ పడీ నవ్వారు. గుమ్మం కర్టెను వెనక నుంచి కూడా ఒక నవ్వు వినబడింది. నాకు ఆ నవ్వు ఎవరిదో తెలుసు.

పెళ్ళికొడుకు దగ్గరికి వెళ్ళాను. టెరికాటన్ చొక్కా, నూనె రాసి దువ్విన క్రాపు, పాపం చెమటలు. ఆయన చాలాసేపు ఆలోచించి, సిగ్గుపడిపోతూ, "నన్ను ఇంతవరకూ చెప్పుకోదగ్గదేదీ కుట్టలేదమ్మా" అన్నాడు.

"కంగారు పడకండి బాబూ, సాయంత్రం దాకా టైముంది కదా" అంది మామ్మ.

ఇక మిగిలింది మేనత్తగారు. ఆవిడ ఒక్కరే అప్పటిదాకా నవ్వలేదు. నేను పళ్ళెం చాపగానే, "నన్నేదీ కుట్టలేదు, ఏదీ కరవలేదు. మా పెంపకం అటువంటిది" అంది. నవ్వులన్నీ ఠక్కున ఆగిపోయాయి. మామ్మ మొహంలో రంగు తగ్గడం నేను చూశాను. అయిపోయింది, అత్త పెళ్ళి ఇక జరగదు అనుకున్నాను.

అప్పుడు ఆ సాధువైన పెద్దాయన గొంతు సవరించుకున్నారు. "అక్కా, మరి నీ పెళ్ళో?"

"నువ్వూరుకోరా" అంది ఆవిడ. కానీ తేలు కథతో ఆయనకి ఊపొచ్చేసింది, ఇక ఆయన్ని ఎవరు ఆపగలరు! ఆవిడ పెళ్ళికి మామిడి మండలతో చర్చి అంతా కట్టారట. ఆ మండల కిందే ఆవిడ పూలజడ కూడా ఉంచారట. ఎర్రచీమలు మండల్లోంచి జడలోకి కాపురం మార్చాయి. చర్చిలో, సంఘమంతా చూస్తుండగా, పెళ్ళి జరిపించే అయ్యగారు గంభీరంగా "ఈయనను నీ భర్తగా అంగీకరించుచున్నావా?" అని అడిగారు. సరిగ్గా అప్పుడే అవి మెడ మీదికి దిగాయి. ఈవిడ "అవును" అనడానికి బదులు చర్చి పైకప్పు ఎగిరేలా "అమ్మబాబోయ్!" అంది. అయ్యగారు పుస్తకం మూసి, కళ్ళద్దాలు తీసి, "అమ్మాయీ, నీకిష్టం లేకపోతే ఇప్పుడైనా చెప్పొచ్చు" అన్నారట. పెళ్ళికొడుకు మొహం పాలిపోయిందట. "అప్పుడు మా అక్క ఏం చేసిందో తెలుసాండీ? జడ పీకి అవతల పారేసి, 'ఇష్టమేనండీ, చీమలండీ, ఇష్టమేనండీ' అని అరిచింది!"

అరుగు మీద నవ్వని మనిషి లేడు. పాస్టరుగారు కళ్ళు తుడుచుకుంటున్నారు. మేనత్తగారు తమ్ముణ్ణి కొరకొరా చూసింది. చూస్తూ చూస్తూ ఉండగానే ఆవిడ పొట్ట కదలడం మొదలైంది. తర్వాత భుజాలు. చివరికి బైబిలు పక్కన పెట్టి, పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మా ఆయన పోయేదాకా నన్ను 'చీమలండీ' అనే పిలిచేవారు" అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అయినా నవ్వు ఆగలేదు.

కర్టెను కదిలింది. మామ్మ పిలవకుండానే అత్త బయటికి వచ్చేసింది. మూసుకుపోయిన కన్నూ, ఉబ్బిన పెదవీ, మొహం మీద సున్నం బొట్లూ. ఆకుపచ్చ చీర ఒక్కటే సవ్యంగా ఉంది. "కందిరీగలండీ. మీ కోసం బొండాలు కోస్తుంటే కుట్టేయి. లోపలే ఉండిపోదామనుకున్నానండీ. మీ చీమల కథ విని నవ్వొచ్చి ఉండలేకపోయేను. నవ్వితే నొప్పెడుతోందండీ" అని పెదవి పట్టుకుని మళ్ళీ నవ్వేసింది.

పెళ్ళికొడుకు లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలియదు.

మేనత్తగారు "ఇలా రా అమ్మా" అని అత్తని పక్కన కూర్చోబెట్టుకుంది. గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకి తిప్పింది. ఆవిడ కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి, కన్ను చూసి, పెదవి చూసి, చివరికి మామ్మ వైపు తిరిగి కోపంగా, "సున్నం ఎవరు రాసేరండీ? కందిరీగకి సున్నమేంటి? నిమ్మరసం రాయాలి గాని!" అంది.

"సున్నమేనండీ" అంది మామ్మ.

"నిమ్మరసమండీ."

"మా ఇంట్లో మూడు తరాల్నించి సున్నమేనండీ, ఆయ్."

ఇద్దరు పెద్దాళ్ళూ అంత మర్యాదగా పోట్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ గొడవలో మేనత్తగారు అత్త చెయ్యి వదల్లేదు. నేను చూశాను కదా, వదల్లేదు. "అంత బాధలో ఇన్ని బొండాలు కోసేవు, నువ్వొకటి తాగేవా అమ్మా?" అని అడిగింది. అత్త లేదన్నట్టు తలూపింది. అంతే, పెళ్ళికొడుకు "నే కోసుకొస్తానండీ" అని అరుగు దిగి పెరట్లోకి పరుగెత్తాడు. "బాబూ, అటెళ్ళకండి, అటెళ్ళకండి!" అని మేమందరం అరిచేలోపు ఆయన చెట్టు చేరనే చేరాడు. ఆ తర్వాత వినబడిన కేకని బట్టి, చెప్పుకోదగ్గదేదో కుట్టిందని అందరికీ అర్థమైంది.

ఒక చేత్తో బొండం, ఒక చేత్తో చెవి పట్టుకుని తిరిగొచ్చాడు. చెవి మందారప్పువ్వులా ఎర్రబడింది. బొండం మాత్రం వదల్లేదు. తిన్నగా వచ్చి మా అత్తకిచ్చాడు.

"నే చెప్పలా, సాయంత్రం దాకా టైముందని?" అంది మామ్మ సున్నప్పెట్టె తీస్తూ.

మేనత్తగారు మేనల్లుడి చెవి చూసింది, అత్త మొహం చూసింది. నిట్టూర్చింది. "సరేనండీ, సున్నమే రాయించండి. మీ అమ్మాయి చేత్తోనే రాయించండి. మీ ఇంటి పద్ధతులు వాడికి ఇప్పట్నించే అలవాటవ్వాలి కదా" అంది.

పాస్టరుగారు గట్టిగా "స్తోత్రం!" అన్నారు. మా తాతయ్య తలగుడ్డ తీసి కళ్ళు ఒత్తుకున్నారు. అత్త సున్నంలో వేలు ముంచి ఆయన చెవికి రాస్తుంటే, ఆయన కుట్టని రెండో చెవి కూడా ఎర్రబడింది. నేను పళ్ళెంలో మిగిలిన సున్నుండలన్నీ తినేశాను. ఆ సంతోషంలో నన్నెవరూ గమనించలేదు.

ఆ సాయంత్రం వాళ్ళు రేవుకి బయల్దేరాక, మామ్మ పక్కన చేరి అడిగాను, వాళ్ళందరినీ ఏదో ఒకటి కుట్టే ఉంటుందని నీకెలా తెలుసని. మామ్మ ఆకుకి ఈనె తీస్తూ, "కుట్టించుకోని మనిషి ఉంటాడేంటే పిచ్చిదానా? చెప్పుకోని మనిషి ఉంటాడంతే. నాకొక్కదానికే అయిందనుకుంటే సిగ్గు. అందరికీ అయిందని తెలిసిందనుకో, కబుర్లు" అంది. తర్వాత నా చేతిలో ఒక తమలపాకు ముక్క పెట్టింది, కూలి కింద.

నేను పెద్దయ్యాక ఆడపిల్లల హాస్టల్లో వార్డెను ఉద్యోగం చేశాను. ఏటా జూన్ నెలలో కొత్తపిల్లలు వచ్చేవారు. ట్రంకుపెట్టెల మీద కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ప్రపంచంలో తమకొక్కళ్ళకే దుఃఖం ఉన్నట్టు ముక్కులు ఎగబీల్చేవారు. నేను పళ్ళెంలో బెల్లం ముక్కలో, జీళ్ళో పట్టుకుని వెళ్ళి, "నిన్ను ఎప్పుడైనా ఏదైనా కుట్టిందా అమ్మా?" అని అడిగేదాన్ని. వెర్రిగా చూసేవారు. కాసేపటికి ఎవరో ఒకత్తె మోచెయ్యి చూపించేది, ఇంకొకత్తె పాదం చాపేది, గంట తిరిగేసరికి హాలంతా కుక్కలూ తేళ్ళూ బాతులూ కోతులూ. అన్నం గంట కొట్టినా లేచేవారు కాదు. ఇప్పుడు ఉద్యోగం లేదు గానీ అలవాటు పోలేదు. బస్సులో పక్క సీటావిడనీ, ఆసుపత్రి బెంచీ మీద దిగులుగా కూర్చున్నవాళ్ళనీ అడుగుతూనే ఉంటాను. మొహాలు విచ్చుకోవడం చూస్తూనే ఉంటాను.

మా మావయ్య చెవి తమ్మె మీద ఇప్పటికీ చిన్న మచ్చ ఉంది. అది కందిరీగది కాదు, సున్నం ఎక్కువై కాలిందని ఆయన వాదన. నిమ్మరసం రాసుంటే ఆ మచ్చ కూడా ఉండేది కాదని మేనత్తగారు చివరిదాకా అంటూనే ఉండేది. అత్త ఇద్దరికీ జవాబు చెప్పేది కాదు, బుగ్గ సొట్ట పడేలా నవ్వేది.

ఎప్పుడైనా ఎవరైనా తల అడ్డంగా ఊపి, "లేదండీ, నన్నింతవరకూ ఏదీ కుట్టలేదండీ" అంటే మాత్రం, నేను వాళ్ళ చెయ్యి నిమిరి, మా మామ్మ గొంతుతోనే చెబుతాను.

"కంగారు పడకండి. సాయంత్రం దాకా టైముంది కదా."